ఫరిష్తాలు వచ్చే ఇల్లు

మేడ్చల్‌లో పరుపులు కుట్టే మదార్ సాయిబుకు ఒక వీధికుక్క మీద ప్రాణం. గోధుమరంగుది కాబట్టి భూరి అని పిలుచుకునేవాడు. దూది ఏకే కొట్టంలో అది పడుకుంటే భార్య ఖాసింబీకి ఒళ్లు మండేది. కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు, అంటే అల్లా కరుణను మోసుకొచ్చే దైవదూతలు, అడుగుపెట్టరని ఆమె నమ్మకం.

ఆ మాట మదార్ మాత్రం కాదంటాడా? నమాజు చివర అటూ ఇటూ తల తిప్పి, భుజాల మీదుండి మంచీ చెడూ రాసే ఇద్దరు ఫరిష్తాలకీ రోజూ సలాం చెప్పేవాడే. చెడు రాసే ఎడమవైపు ఆయనకు కాస్త బెరుకుగా చెప్పేవాడు, పాపం.

ఆ ఏడు వానాకాలంలో కూతురు షమీమ్ కాన్పుకు వచ్చింది. పోయినసారి బిడ్డ దక్కలేదు. ఇంట్లో అందరికీ గుండెల్లో గుబులే. ఖాసింబీ ఇల్లు కడిగి, ఊదు వేసి, ఖురాన్ చదువుకుంటూ ఫరిష్తాల కోసం ఎదురుచూసింది. భూరిని మాత్రం పంపెయ్యమంది. అదీ నిండుచూలాలేనని మదార్ నసిగితే, నీకు బిడ్డ ఎక్కువా కుక్క ఎక్కువా అని అడిగింది. మదార్ దాన్ని తీసుకెళ్లి రోడ్డవతల ఖాళీ ప్లాట్లో వదిలొచ్చాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం కుండపోత. అవతల కుక్క మూలుగు ఆగకుండా వినిపిస్తోంది. మదార్ లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చూస్తే ఖాసింబీ ఇంట్లో లేదు.

కాసేపటికి తడిసి ముద్దయి వచ్చింది. నెత్తిన గంప, గంపలో కళ్లు తెరవని కుక్కపిల్లలు, చేతిలో రెండు మేకల తాళ్లు, వెనకాలే భూరి.

మేకలెక్కడివంటే పక్కింటి రాధమ్మ దగ్గర కొన్నానంది. మందను కాచే కుక్కయితే ఇంట్లో ఉన్నా తప్పులేదని మౌల్వీ సాబు ఎప్పుడో చెప్పాడట.

“మనకు మంద యాడిదే?”

“గీ రెండే మంద.” కొట్టంలో పాత దూది పరుస్తూ అంది. “కాన్పుకొచ్చినదాన్ని వానల ఎల్లగొట్టినంక, మనింటికి ఏ ఫరిష్తా వస్తడయ్యా?”

మదార్ గంప అందుకున్నాడు.

ఆ వారమే సర్కారు దవాఖానాలో షమీమ్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు, ఖాసింబీ మనవరాలిని ఎత్తుకుని నేరుగా కొట్టం దగ్గరికే నడిచింది. కాస్త ఎడంగా నిలబడి, కొంగు తొలగించి పాప ముఖం చూపించింది.

“సూడు భూరీ,” అంది, “మాకూ పుట్టింది.”