కారణం గడి

కళ్ళకలక వచ్చినవాళ్ళను పెళ్ళిపందిట్లోకే రానివ్వరు, ఇక కంట్రోల్ రూములోకి ఏం రానిస్తారు? పన్నెండు రోజుల అంతరిక్షయాత్రలో ఐదో రోజున డాక్టర్ నాహిద్‌ను ఇంటికి పంపేశారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని బస్సెక్కి, బెంగళూరు నుంచి తిరువూరు వచ్చి పడింది.

నేలమీద ఆమె పని, పైనున్న ముగ్గురి గుండెలనూ కనిపెట్టుకుని ఉండటం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెర మీద అంకె నడుస్తుంటుంది. అది మారితే ఎందుకు మారిందో లాగ్ బుక్కులో కారణం గడి నింపాలి. వ్యాయామమో, నిద్రో, మరమ్మతు పనో. ఒకసారి "కారణం తెలియదు" అని రాసినందుకు జూనియర్ కిరీటిని ఏడిపించినంత పని చేసింది.

"తెలియకపోతే తెలుసుకుని రాయి. మనం కూర్చున్నదే అందుకు."

పైవాళ్ళతో మాట్లాడేది మాత్రం ఆ గదిలో ఒక్కరే. మిగతా అందరూ నోరు మూసుకుని తెరలు చూసుకోవాల్సిందే. పైనున్న ముగ్గురిలో ఒకడైన అభిలాష్ గుండె నిద్రలో ఎంత, నవ్వితే ఎంత అన్నది నాహిద్‌కు కంఠతా వచ్చు. అందులో తనకు చోటుందో లేదో మాత్రం ఏ తెరా చెప్పలేదు. రెండేళ్ళ శిక్షణలో తనూ అడగలేకపోయింది. బయల్దేరే ముందు, "మా తిరువూరు మీదుగా వెళ్ళేటప్పుడు ఒకసారి కిందికి చూడండి," అంది. అతను తలూపాడు. అంతే. ఆ తలూపడాన్నే పట్టుకుని వేలాడుతోంది పిచ్చిది.

ఆ సాయంత్రం ఆరూ యాభై రెండుకు నౌక ఊరి మీదుగా వెళ్ళాలి. తల్లి అబీదాను వెంటబెట్టుకుని డాబా ఎక్కింది. నీళ్ళు కారే కళ్ళకు ఆకాశమంతా అలుక్కుపోయింది.

"అదిగోనే, గంపలగూడెం వైపు నుంచి వస్తోంది! కనపడిందా?"

"లేదమ్మా."

"అయ్యో, వెళ్ళిపోతోందే!"

ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ నాలుగు నిమిషాల కోసమే. అవీ అయిపోయాయి. నాహిద్ అక్కడే కూలబడింది.

గంట తరవాత, డ్యూటీ దిగిన కిరీటి ఫోన్ చేశాడు.

"మేడం, ఆరూ యాభై రెండుకి అభిలాష్ సార్ గుండె అరవై రెండు నుంచి తొంభైకి వెళ్ళిందండి. అప్పుడు పనేం లేదు, కిటికీ దగ్గరున్నారంతే. కారణం గడి ఖాళీగా వదిలేశాను. ఏం రాయమంటారు?"

నాహిద్ కళ్ళజోడు తీసేసింది.

"కారణం తెలియదని రాయించు."

"మీరేనా మేడం ఈ మాటంటోంది?"

"నేనే," అంది నాహిద్. "ఆ అంకె ఇంకోసారి చెప్పు కిరీటీ."