ఆగి వినే తరగతి

చొక్కా ఇస్త్రీ చేస్తూ, "రేపు బ... బ..." అన్నాను. "బజారా? ఎల్లుండి చూద్దాంలే," అని మా ఆయన పేపరు తిప్పాడు. నేను చెప్పబోయింది బడి గురించి. రేపు పిల్లల ఇంటివాళ్లూ మా టీచర్ల ఇంటివాళ్లూ తరగతిలో కూర్చుని పాఠం చూసే రోజు, మీరూ రండి అని. పెళ్లయిన దగ్గర్నుంచీ నా వాక్యాలు సగం ఆయనే పూర్తి చేస్తున్నాడు. ప్రేమతోనే, పాపం. హాలు కర్టెన్లకి ఆకుపచ్చ అనబోతే ఆరెంజి అనేశాడు, ఇప్పటికీ మా హాలు మంటలంటుకున్నట్టుంటుంది. అత్తగారు వచ్చినవాళ్లందరితో, మా కోడలు బంగారం, ఎదురు మాట రాదు అని చెప్పుకుంటుంది. నేను లోపల ఎన్నెన్ని అంటానో వినబడితే ఆవిడ తలుపు గడియ వేసుకునేది. ఆ సాయంత్రం మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆయన రెండుసార్లు అడ్డొచ్చినా వదలకుండా చివరిదాకా చెప్పాను. సరే, వస్తానన్నాడు.

అంత పట్టు ఎందుకంటే, ఆ పాఠం మీదే నా తరగతి ఆధారపడి ఉంది. నేను రెండో తరగతి టీచర్ని. నా పిల్లల్లో ఒకమ్మాయికి నాలాగే మాట తడబడుతుంది. ఆ పిల్ల తండ్రి మా హెడ్ మేడమ్ దగ్గరికొచ్చి, నత్తి టీచర్ దగ్గర కూర్చోబెడితే మా అమ్మాయికి తగ్గుతుందా, ముదురుతుందా అని అడిగి వెళ్లాడట. మేడమ్ నన్ను పిలిచి కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. రేపు కథ పక్క సెక్షన్ టీచర్ చదువుతుందట, నేను బొమ్మలు చూపిస్తూ నిలబడితే చాలట. ఆ తండ్రికి అప్పటికీ నచ్చకపోతే నేను లైబ్రరీ చూసుకోవచ్చట, నాకూ హాయిగా ఉంటుందట. హాయి! పుస్తకాల దుమ్ము దులుపుతూ నోరు మూసుకుని బతకడానికి ఎవరైనా టీచరవుతారా?

ఆ కథ కూడా ఏదో దొరికింది కదా అని తీసుకున్నది కాదు. ఒక కాకిపిల్లకి మాట గొంతులో చిక్కుకుంటుంది. అది నోరు తెరవగానే చుట్టూ ఉన్న పక్షులన్నీ తలో మాటా అందించేస్తాయి. ఒక బొమ్మలో కాకిపిల్ల నోరు తెరుచుకుని ఉంటుంది, పక్కనంతా ఖాళీ తెల్ల కాగితం. మొదటిసారి చూపించినప్పుడు పిల్లలు ఆ ఖాళీలోకి మాటలు విసిరారు. నేను పేజీ తిప్పలేదు. మా తరగతిలో అప్పుడే ఒక కట్టుబాటు పుట్టింది. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పేజీ వాళ్లే తిప్పాలి, మాట వాళ్లే పూర్తి చెయ్యాలి, మిగతావాళ్లు వాళ్ల మొహంలోకి చూస్తూ ఆగాలి. గడియారం వైపు చూడకూడదు, నవ్వకూడదు, జాలి అసలే పడకూడదు. గుక్క తిప్పుకోని చిచ్చరపిడుగులు కూడా నేర్చుకున్నారు. బెంచీ కింద నక్కే ఆ అమ్మాయి ఇప్పుడు చదువుతానని తనే చెయ్యెత్తుతోంది.

మర్నాడు గది నిండిపోయింది. పెద్దవాళ్లు చిన్న బెంచీల్లో మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు. వెనక వరసలో మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో. పక్క సెక్షన్ టీచర్ పుస్తకం కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. హెడ్ మేడమ్ కళ్లతో ఏదో చెప్పబోయింది కానీ నేను అటు చూడలేదు. పుస్తకం భుజం పక్కన నిలబెట్టి, బొమ్మ పిల్లల వైపు తిప్పి, మొదలుపెట్టాను. ఖాళీ బొమ్మ వచ్చింది.

"కాకిపిల్ల అంది, నాకు దా... దా..."

"దాహం!" అని వెనకనుంచి మా ఆయన అందించాడు.

మాట సరైనదే. అయినా తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"అం... అంకుల్, పు... పుస్తకం టీచర్ దగ్గరుంది. మీ... మీరు ఆగాలి."

ఆ పిల్ల తడబడిన ప్రతిచోటా దాని తండ్రి పెదాలు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి. ఎవరూ మాట అందించలేదు. చెప్పేసి కూర్చుని, ఇక మీరు చదవండి అన్నట్టు నావైపు చూసింది. నాకు గర్వంతో గుండె నిండిపోయింది. "దాహం" నేనే చెప్పాను, నాకు పట్టినంతసేపు తీసుకుని, పేజీ నేనే తిప్పాను.

కథ అయ్యాక ఆ తండ్రి వచ్చి, ఆ పుస్తకం ఒక్కరోజు ఇంటికిస్తారా అని అడిగాడు. మేడమ్ పక్కనే ఉంది. రేపటి పాఠం కూడా నేనే చదువుతానని ఆవిడతో చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఆవిడ ఆగి, మొత్తం విని, తలూపింది.

దారిలో మా ఆయన విసవిసా నడిచాడు. అందరి ముందూ చిన్నపిల్ల చేత అనిపించుకున్నందుకు ఉడుక్కుంటున్నాడు. చివరికి అడిగేశాడు.

"పెద్దవాళ్లని గౌరవించడం నేర్పలేదా నీ పిల్లలకి?"

జవాబు గొంతులో చిక్కుకుంది. ఆయన నోరు తెరిచాడు. నేను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన నోరు మూసుకుని ఆగాడు.

"నే... నేర్పాను," అన్నాను. "అందుకే మిమ్మల్ని ఆ... ఆగమన్నారు."