మూడో గుండీ

మూడో గుండీ పెట్టుకునే ముందు దాన్ని చొక్కా అంచుతో తుడవడం అతనికి అలవాటు. చూడటానికి మిగతా గుండీల్లాంటిదే, కాకపోతే మధ్యలో ఆవగింజంత కెమెరా కన్ను. ఖాకీ దారం అయిపోతే భార్య దాన్ని నల్లదారంతో కుట్టింది. ఎవరూ చూడరులెమ్మంది. నిజమే, చీపురు పట్టినవాడి చొక్కా ఎవరు చూస్తారు!

ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఇదే. దొంగపేరుతో ఉద్యోగంలో చేరడం, అక్కడి అవినీతిని కెమెరాకెక్కించడం, పత్రికకిచ్చి మాయమైపోవడం. బంట్రోతుగా బతికాడు, లారీ క్లీనరుగా బతికాడు. వార్త మీద 'మా ప్రతినిధి' అనే ఉంటుంది. పేరు పడితే మళ్ళీ పనికిరాడు కదా. ఎక్కడ పనో ఇంట్లోనూ చెప్పడు. మీ ఆయన ఏం చేస్తాడని చుట్టాలడిగితే, ఏదో పత్రికలో అని నసిగేది భార్య. పాపం, ఆమెకు తెలిసిందీ అంతే.

నాలుగు నెలలుగా ఈ పెద్దాసుపత్రి మందుల స్టోరు ఊడుస్తున్నాడు. గడువు తీరిన ఇంజక్షన్ సీసాల మీది తేదీని స్టోరుకీపరు స్పిరిటు దూదితో తుడిచి, కొత్త తేదీ అచ్చు కొడతాడు. మూడో గుండీ అదంతా చూసింది. పదకొండు రోజుల కిందటే ఎడిటర్‌కు పంపాడు. వార్త మాత్రం రాలేదు, అది వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదనుకున్నాడు. సీసాలు రోజూ వార్డులకు పోతూనే ఉన్నాయి.

ఆ ఉదయం మెట్ల కింద నిలబడి మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఆ ఇంజక్షన్లు తయారుచేసే కంపెనీ మనకు నెలకు నాలుగు ఫుల్ పేజీల ప్రకటనలిస్తుందయ్యా. కాస్త ఓపిక పట్టు," అన్నాడు ఎడిటర్.

"జనం ఆ మందే ఎక్కించుకుంటున్నారు సార్."

"తెలుసులే."

తెలుసట! ఒళ్ళు మండిపోయింది. చేసేదేముంది, వెళ్ళి చీపురందుకున్నాడు.

మధ్యాహ్నం అట్టపెట్టెలు మోస్తుంటే ఛాతీ పట్టేసింది. స్టోరుకీపరే చెయ్యిచ్చి వార్డుకు తీసుకెళ్ళాడు, తనకు తెలిసిన పేరే రిజిస్టరులో రాయించాడు. ఆ మాటకొస్తే మరీ చెడ్డవాడేం కాదు. నర్సు చొక్కా విప్పించి సీసా పైకెత్తింది. తేదీ చుట్టూ తుడిచిన మరక కనబడింది.

"అది వద్దమ్మా. తేదీ చెరిపేశారు."

"ఊడ్చేవాడివి, తేదీల సంగతి నీకెందుకు పెద్దాయనా? కదలకు."

నేను విలేకరినని చెప్పబోయాడు. ఇన్నేళ్ళూ ఎక్కడా పైకి అనని మాట, నోరు తిరగలేదు. స్టోరుకీపరు సీసా వైపు చూసి తల తిప్పుకున్నాడు. విప్పిన చొక్కా చేతిలో పట్టుకుని స్టోరుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఆ మంచం ఖాళీ అయింది.

రాత్రి అతను ఇంటికి రాకపోయేసరికి, మర్నాడు పొద్దున భార్య అవసరానికని అతను రాసిపెట్టిన నంబరు వెతికి ఎడిటర్‌కు ఫోన్ చేసింది. ఏ ఆసుపత్రో ఎడిటర్ చెప్పాడు గానీ, ఆమె భర్త అక్కడ ఏ దొంగపేరుతో పనికి చేరాడో ఆయనకు గుర్తులేదు. ఆమె వెళ్ళి అసలు పేరే చెప్పింది. గుమాస్తా రిజిస్టరు రెండుసార్లు తిరగేశాడు.

"ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడికి రాలేదమ్మా."

ఎదురుగా స్టోరు గది తలుపు మూసి ఉంది. దాని వెనక మేకుకు ఖాకీ చొక్కా వేలాడుతోంది, మూడో గుండీకి నల్లదారంతో.