తాళం తప్పితే

రిషిత పిక్కల మీద మొదటి దెబ్బ ఆగస్టు రెండో వారంలో పడింది. అప్పటికి స్కూలు ఇంకా తెరవలేదు. అమెరికాలో ఆష్‌బర్న్‌లోని ఆ హైస్కూల్లో, కవాతు చేస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్ ప్రాక్టీసు వేసవి సెలవుల్లోనే మొదలవుతుంది. తొమ్మిదో క్లాసులో చేరబోతున్న రిషితను స్నేర్ డ్రమ్‌కి తీసుకున్నారు. డ్రమ్ములు వాయించే పదకొండు మందికీ కెప్టెన్ దేవ్. వాడు పన్నెండో క్లాసు.

బ్యాండ్ టీచరు మైదానంలో ట్రంపెట్ల వాళ్లతో ఉన్నప్పుడు దేవ్ డ్రమ్ముల గది తలుపు వేశాడు. కొత్తవాళ్లు నలుగురినీ గోడవైపు తిరిగి వాయించమన్నాడు. ఎవరి తాళం తప్పితే వాళ్ల పిక్కల మీద వెనకనుంచి డ్రమ్‌స్టిక్‌తో కొట్టాడు. రిషితకు ముందు చప్పుడు వినిపించింది, ఆ తర్వాతే మంట తెలిసింది. ఉలిక్కిపడి మళ్లీ తప్పింది. రెండో దెబ్బ అదే చోట పడింది.

"ఏడిస్తే ఇంకోటి," అన్నాడు దేవ్.

దేవ్ పరాయివాడు కాదు. వాళ్లమ్మ నళినికీ, రిషిత తల్లి పద్మజకీ పదేళ్ల స్నేహం. ప్రాక్టీసయ్యాక రిషితను రోజూ కార్లో ఇంటి దగ్గర దింపేది వాడే. కార్లో మర్యాదగా ఉండేవాడు. ఏసీ ఎక్కువైందా అని అడిగేవాడు. గుమ్మంలో పద్మజ కనిపిస్తే "హాయ్ ఆంటీ" అని చెయ్యి ఊపేవాడు. రిషిత గబగబా లోపలికి వెళ్లి, స్నానాల గదిలో కాళ్ల మీద చన్నీళ్లు పోసుకునేది.

అక్టోబరులో పీఈ అనే ఆటల క్లాసులో మైలు పరుగు పెట్టారు. షార్ట్స్ వేసుకోక తప్పలేదు. పరుగయ్యాక టీచరు మిస్ కార్వర్ ఆమెను పక్కకు పిలిచింది. పిక్కల మీద పాత పసుపు గీతలూ, కొత్త ఊదా గీతలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"సైకిల్ మీంచి పడ్డాను," అంది రిషిత.

"సైకిల్ మీంచి పడితే దెబ్బలు ఇలా వరసగా తగలవు," అంది మిస్ కార్వర్. పిల్లల ఒంటి మీద అలాంటివి కనిపిస్తే టీచర్లు ప్రభుత్వానికి చెప్పి తీరాలి, అక్కడ అది చట్టం. ఆవిడ చెప్పింది.

మూడో రోజు సాయంత్రం పిల్లల రక్షణ చూసే కౌంటీ ఆఫీసు నుంచి ఒకామె ఇంటికి వచ్చింది. హాల్లో కూర్చుని, రిషిత తండ్రి రాజారావును నెమ్మదిగా అడిగింది, "మీరు అమ్మాయిని ఎప్పుడైనా కొట్టారా?" అని.

రాజారావు ముఖంలో నెత్తురు లేదు. "దీనివల్ల నా వీసాకి ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు. ముందు ఆ మాట ఎందుకొచ్చిందో ఆయనకే తెలియలేదు. అని, తలవంచుకున్నాడు.

మెట్ల మీద కూర్చుని వింటున్న రిషిత లేచి వచ్చింది. "నాన్న కొట్టలేదు. దేవ్ కొట్టాడు. బ్యాండ్‌లో. న్యూ కిడ్స్ అందర్నీ."

కౌంటీ ఆమె అంతా రాసుకుని, స్కూలుతో తాను మాట్లాడతానని చెప్పి వెళ్లింది. పద్మజ అంతవరకు ఆగలేకపోయింది. వెంటనే నళినికి ఫోన్ చేసింది.

"మా వాడు అలాంటివాడు కాదు పద్మజా," అంది నళిని. "మీ అమ్మాయి ఎవర్ని కాపాడ్డానికి వాడి పేరు చెప్తోందో కనుక్కో."

మర్నాడు మధ్యాహ్నం రిషిత తన డ్రమ్‌స్టిక్‌లు తెచ్చుకుని బ్యాండ్ మానేద్దామని ఆ గదికి వెళ్లింది. వెనకే తలుపు మూసుకుంది. దేవ్.

"నా పేరు చెప్పావా?"

ఆమె నోరు తెరిచేలోపే చెంప పగిలింది. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. రిషిత కింద పడింది. వాడు వంగి స్టిక్‌తో భుజం మీదా, వీపు మీదా, చెవి మీదా ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. చెవి చీలి నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి కారింది. "మా అమ్మకి చెప్పిస్తావా? మా అమ్మకి!" అని అరుస్తున్నాడు.

ఆమె చేతికి ఇత్తడి తాళాలు బిగించే స్టాండు ఇనుప కడ్డీ తగిలింది. ఊడబెరికి గుడ్డిగా ఊపింది. అది దేవ్ మణికట్టుకు తగిలింది. లోపల ఎముక విరగడం ఇద్దరికీ వినిపించింది. వాడు స్టిక్ వదిలేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అప్పుడు ఆగి ఉంటే సరిపోయేది. ఆమె ఆగలేదు. నేల మీదున్న అదే చేతిని మళ్లీ కొట్టింది. వాడు పక్కకు దొర్లితే భుజం మీద కొట్టింది. వాడు "ప్లీజ్" అన్నాడు. ఆ మాట విని కూడా ఇంకోటి కొట్టింది. బ్యాండ్ టీచరు పరుగున వచ్చి నడుం పట్టుకుని లాగాక గానీ కడ్డీ ఆమె చేతిలోంచి జారలేదు.

రిషిత చెవికి ఆరు కుట్లు పడ్డాయి. దేవ్ మణికట్టులో ప్లేట్లు వేశారు. స్కూలు రిషితను పది రోజులు సస్పెండ్ చేసింది, దేవ్‌ని విచారణ తేలేదాకా రావద్దంది. డ్రమ్ముల జట్టు పోటీలన్నీ రద్దయ్యాయి. "నీవల్లే మా సీజన్ పోయింది" అని రిషిత ఫోన్‌కి మెసేజ్‌లు వచ్చాయి. వాటిలో ఒకటి, ఆమె పక్కనే గోడవైపు నిలబడి దెబ్బలు తిన్న అమ్మాయిది.

నాలుగో రోజు నళిని వచ్చింది. చెప్పులు విప్పకుండానే లోపలికి దూసుకొచ్చింది.

"నా కొడుకు చెయ్యి విరగ్గొట్టింది ఏదీ? పిలవండి దాన్ని!"

రాజారావు అడ్డు నిలబడ్డాడు. రిషిత ఆయన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. వంగి పైజమా మోకాలి దాకా పైకి లాగి, వెనక్కి తిరిగింది.

నళిని కేకలు ఆగిపోయాయి. ఆ పిక్కల వంకే చూసింది. తర్వాత గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"ఇవి నేను చూశాను," అంది, ఎవరితోనో అన్నట్టు. "వాడి కాళ్ల మీద. నైన్త్‌లో. బాస్కెట్‌బాల్ ఆడుతూ పడ్డానన్నాడు. పసుపు రాశాను. అంతే, మళ్లీ అడగలేదు."

పద్మజ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నళిని గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"రేపు స్కూల్‌కి వెళ్తాను. వాణ్ని కొట్టినవాళ్ల పేర్లు వాడి చేతే చెప్పిస్తాను. ఇప్పుడు ఏం లాభమో తెలీదు."

"ఆంటీ," అంది రిషిత. "దేవ్ మళ్లీ ప్లే చేస్తాడా?"

"డాక్టర్ ఏం చెప్పట్లేదమ్మా."

సారీ చెప్పాలని రిషితకు గొంతుదాకా వచ్చింది. మొదటి దెబ్బకు కాదు. మిగతా వాటికి. ఏది దేనికో విడదీసి చెప్పడం చేతకాక, పైజమా కిందికి దించుకుంది. నళిని కూడా సారీ చెప్పమని అడగలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి లేచి, తలుపు తనే తీసుకుని వెళ్లిపోయింది.