పొరుగుదేశానికి పొద్దుటి ఫోను

కోతల బాబాయి లారీ తోలే రోజుల్లో గట్టిగా బ్రేకు వేస్తే వెనక తరుముకొస్తున్న వాన కూడా ఆగిపోయేదట. అలాంటి తండ్రికి పుట్టిన కూతురు మాత్రం ఉన్నదానికి వెంట్రుకవాసి కలిపి చెప్పదు. అందుకే కాబోలు, ఆమెకు ఆ ఉద్యోగం అతికినట్టు కుదిరింది.

ఉద్యోగం ఒక ఫోను దగ్గర. వాళ్ళ దేశానికీ పొరుగుదేశానికీ చెరో అణుబాంబుల గుట్ట ఉంది. ఒకరు తుమ్మితే రెండోవారు అగ్గిపుల్ల తీస్తారు. అందుకని మధ్యలో ఫోను పెట్టుకున్నారు. లైను పనిచేస్తోందో లేదో చూడడానికి రోజూ పొద్దున్నే ఇటు ఈమె, అటు ఒక ముసలాయన, తమ కిటికీలోంచి కనిపించేది ఒకరికొకరు చెప్పుకుంటారు. చినుకు పడితే ఆమె చినుకనే అనేది. వాన అనేది కాదు.

ఒక మధ్యాహ్నం అధికారి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"కొంప మునిగిందమ్మా! మరమ్మతులో మనవాళ్ళ చేయి జారి క్షిపణి ఒకటి అటు ఎగిరిపోయింది. అందులో బాంబు లేదు. కానీ వాళ్ళకేం తెలుసు? వాతావరణ పరికరం అందామా?"

"వద్దు సార్. ఉన్నదే చెబుదాం. తప్పు మనదేనని కూడా."

అధికారి ఫోను ఆమె చేతికిచ్చాడు. "సరే, చెప్పు."

చెప్పింది. అవతల ముసలాయన వెనకనుంచి కేకలు: "అబద్ధం! మనమూ వదులుదాం!"

"అమ్మాయ్, మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?" అన్నాడు ముసలాయన.

ఆమె తల తిప్పి చూసింది. "ఎదుటి బడిలో పిల్లలు ఆడుకుంటున్నారండీ. ఒకడి చెప్పు గోడమీద ఇరుక్కుంటే కర్రతో పొడుస్తున్నారు. గేటు దగ్గర మా కాపలావాడు కునుకు తీస్తున్నాడు."

"వాడి సంగతెందుకమ్మా!" అని అధికారి తల పట్టుకున్నాడు.

ముసలాయన తనవాళ్ళమీద అరవడం వినిపించింది. "యుద్ధానికి దిగేవాళ్ళు పిల్లల్ని ఆరుబయట వదులుతారటయ్యా? ఈ పిల్ల ఇన్నేళ్ళలో ఒక్క చినుకు ఎక్కువ చెప్పలేదు. నాదీ పూచీ!"

కేకలు సద్దుమణిగాయి. క్షిపణి ఒక బీడులో గొయ్యి తవ్వి ఊరుకుంది.

సాయంత్రం ఆమె నడిచొస్తుంటే వీధి వెడల్పు చాలలేదు.

"ఏంటే ఆ నిటారు నడక? గొడుగు మింగావా?" అన్నాడు తండ్రి.

"పెద్ద పనే చేశాను నాన్నా. ఎవరికీ చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీకు అసలే చెప్పకూడదు."

కోతల బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో తల్లీ! చేసి కూడా నోరు కట్టుకోవడమా! చేయనివాటికే నేను ఆపుకోలేనే! సరే, నీకు తోడుగా ఇవాళ నేనూ నోరెత్తను."

ఆయన ఆ మాటమీద నిలబడ్డాడంటే వీధి ఇప్పటికీ నమ్మదు.