హాల్ టికెట్ రెండో పేజీ

పరీక్షకు ఏం వేసుకెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో మంగళగిరి మొత్తం మీద దేవేంద్రకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏడేళ్లలో టెట్లూ, గ్రూప్సూ, డీఎస్సీ కలిపి తొమ్మిది పరీక్షలు రాశాడు. ఒక్క ఉద్యోగమూ రాలేదు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, వీధిలో ఎవరికి హాల్ టికెట్ వచ్చినా పిలిచి మరీ జాగ్రత్తలు చెప్పేవాడు. బూట్లు వద్దు, చెప్పులతో వెళ్లండి. వాచీ ఇంట్లో వదిలేయండి. ఆధార్ జిరాక్స్ పనికిరాదు, ఒరిజినల్ ఉండాలి.

ఈసారి డీఎస్సీ అతని భార్య రాజ్యశ్రీ కూడా రాస్తోంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె మామగారి మగ్గానికి కండెలు చుడుతూ, పక్కన పుస్తకం తెరిచిపెట్టుకునే చదివింది. లెక్కలు దేవేంద్రే నేర్పాడు. మొదట్లో అతనికది ముచ్చటగా ఉండేది. ఏప్రిల్ నుంచి ఇద్దరూ ఒకే మోడల్ పేపరు రాసి మార్కులు చూసుకునేవాళ్లు. మొదట అతనికి ఎక్కువ వచ్చేవి, తర్వాత సమానమయ్యాయి. మే నెలాఖరుకి ఆమెకు ఎనభైకి డెబ్భై, అతనికి అరవై రెండు.

"పేపరు తేలిగ్గా వచ్చిందండీ, అందుకే" అంది రాజ్యశ్రీ.

ఆ ఓదార్పే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. ఆ తర్వాత ఆమె చదువుకోడానికి కూర్చున్నప్పుడల్లా అతనికి కాఫీ తాగాలనిపించేది. ఆమె పెట్టి ఇచ్చేది, మళ్లీ వెళ్లి కూర్చునేది.

పరీక్షకు వారం ముందు ఇద్దరి హాల్ టికెట్లూ ప్రింటు తీయించడానికి వెళ్లాడు. ఆమె ఫొటో నల్లగా, మొహం తెలియకుండా వచ్చింది. ఫొటో సరిగ్గా లేనివాళ్లు గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేసిన రెండు పాస్‌పోర్టు ఫొటోలు తేవాలని రెండో పేజీలో ఉంటుంది. అతనికది కంఠతా వచ్చు.

"రెండు పేజీలూ తియ్యమంటారా సార్?" అని షాపతను అడిగాడు.

"నాది రెండూ తియ్యి. ఆవిడది మొదటిది చాలు" అన్నాడు దేవేంద్ర. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఇంటికి వెళ్లేలోపు చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.

రాజ్యశ్రీ పరీక్ష ముందు వచ్చింది, అతనిది రెండు రోజుల తర్వాత. పొద్దున్నే ఆమె చీర తీసింది.

"చీరొద్దు. గేటు దగ్గర తనిఖీకి ఇబ్బంది. కాటన్ చుడీదార్ వేసుకో, చేతులు పొట్టిగా ఉన్నది."

"మెట్టెలు తియ్యాలా?"

"తాళీ, మెట్టెలూ ఏమీ అనరులే. చెవులకున్నవి తీసెయ్."

అన్నీ చెప్పాడు, ఆ ఒక్కటి తప్ప. ఆమె చెప్పినవన్నీ చేసి, కాసేపు అతని మొహం కేసి చూసింది.

"ఇంకేమైనా ఉందా అండీ?"

"ఇంకేముంటుంది, పద" అన్నాడు.

సెంటరు విజయవాడ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ. బండి మీద బ్యారేజీ దాటి, ఎనిమిదింటికల్లా దించేశాడు. ఆమె వరసలో నిలబడింది. అతను రోడ్డుకివతల టీ బడ్డీ దగ్గర ఆగాడు. గేటు దగ్గర హాల్ టికెట్లు చూస్తున్నావిడ రాజ్యశ్రీది పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది, తల అడ్డంగా ఊపింది. దేవేంద్ర టీ గ్లాసు కింద పెట్టేశాడు. తాను భయపడుతున్నాడో, ఎదురుచూస్తున్నాడో తేల్చుకోలేకపోయాడు.

రాజ్యశ్రీ కంగారుపడలేదు. కవరులోంచి రెండు ఫొటోలు తీసి ఇచ్చింది. వాటి మీద ఆఫీసర్లు పెట్టే పచ్చ సిరా సంతకం ఇక్కడికీ లీలగా కనిపించింది. లోపలికి వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరిగి టీ బడ్డీ వైపు చూసింది.

పరీక్షయ్యాక ఆమె వచ్చి బండెక్కింది. బ్యారేజీ మీద కార్ల వెనక ఆగినప్పుడు అడిగింది.

"నా ఫొటో సంగతి మీరు ఎప్పుడు చూశారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "ప్రింటు తీసిన రోజే" అన్నాడు.

"నేను ఆ సాయంత్రమే ఫోన్లో రెండో పేజీ చూశాను. హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గరకెళ్లి సంతకం చేయించుకున్నాను. మీరు చెప్తారేమోనని ఇవాళ పొద్దుటిదాకా చూశాను."

తన పరీక్షకు దేవేంద్ర ఒక్కడే వెళ్లాడు. అన్నీ సరిగ్గా పట్టుకెళ్లాడు.

ఫలితాల్లో రాజ్యశ్రీకి ఉద్యోగం వచ్చింది. దేవేంద్రకు మూడు మార్కుల్లో పోయింది. వీధిలో స్వీట్లు అతనే పంచాడు. అభినందనలు అందుకుంటున్నంతసేపూ, ఎవరైనా "మరి మీకు?" అని అడుగుతారేమోనని గింజుకున్నాడు. చాలామంది అడిగారు.

కూచిపూడి దగ్గర ఒక ఊళ్లో ఆమెకు పోస్టింగు. చేరే రోజు అతనే వెంట వెళ్లాడు. అక్కడి స్కూలు హెడ్మాస్టరు బసవయ్య గారు కుర్చీ చూపించి, "సార్ కూడా టీచరేనా అండీ?" అన్నారు.

దేవేంద్ర నోరు తెరిచేలోపే రాజ్యశ్రీ అంది. "నాకు లెక్కలు నేర్పింది ఆయనేనండీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాడు. లేదు. ఉంటే అతనికి ఎంతో హాయిగా ఉండేది. లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నందాకా అక్కడే బల్ల మీద కూర్చుని, ఆమె తరగతిలో పిల్లలకు కూడికలు చెబుతుంటే తప్పు కోసం చెవులు రిక్కించి విన్నాడు. తప్పు రాలేదు.

భోజనాల బెల్లు కొట్టాక రాజ్యశ్రీ క్యారేజీ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"నిన్ను చూస్తుంటే నాకు ఇంకా కుళ్లుగానే ఉంది రాజీ" అన్నాడు దేవేంద్ర, గోడ కేసి చూస్తూ.

"తెలుసండీ" అంటూ ఆమె గిన్నెలు విడదీసింది. "ఈసారి నేను అడక్కుండానే చెప్పారు. తినండి."