రెండో ఖుక్రీ

శారమ్మ చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. ఒడిలో చాట లేదు, తునికాకు లేదు, తంబాకు లేదు. బోధన్ నుంచి రైళ్ళూ బస్సులూ మారి గుజరాత్ తీరంలోని డయ్యూ దాకా వచ్చినా ఆ వేళ్ళకు పని మానడం చేతకాలేదు. ఆటోలో కూర్చుని గాలినే ఆకులా పరిచి, చుట్టి, గోటితో మూతి మడుస్తోంది. ఆ బొటనవేలి గోరు అరిగి అరిగి పసుపుకొమ్ము రంగుకు తిరిగింది.

"వదినె, గీ సముద్రంల గూడ కార్ఖానా పెడ్తవా ఏంది? జర చేతులకు సుట్టి ఇయ్యరాదు" అన్నాడు మరిది మోషే.

"నీ నోటికి సుట్టి ఇయ్యి. గప్పుడు నేనిస్త."

ఆ నోటికి సెలవెక్కడిది! చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ చెరుకు బండ్ల క్యూ అంతా ఆయన కోతలతోనే పొద్దుపుచ్చేది. డెబ్భై ఒకటి యుద్ధంలో ఖుక్రీ యుద్ధనౌకను పాకిస్తాన్ జలాంతర్గామి ముంచిందనీ, అందులో పనిచేసే జయరాజ్ జాడ లేదనీ టెలిగ్రాం వచ్చిననాడు శారమ్మ కడుపుతో ఉంది. మగడి కబురు విని అన్నం ముట్టలేదు. ఆమెకు నాలుగు ముద్దలు తినిపించడానికి మోషే తొలి కథ అల్లాడు, అన్న ఈదుకుంటూ కరాచీ ఒడ్డుకు చేరాడని. ఏటేటా ఆ కథకు కొమ్మలు మొలిచాయి. అన్న అక్కడ మిఠాయి దుకాణం పెట్టాడు. "గిదేం చక్కెర? మా బోధన్ చక్కెరైతే చీమలు రెంజల్ కాడికెల్లి లైను కడ్తయి" అని అక్కడి షావుకార్లను ఏడిపిస్తున్నాడు. శారమ్మ నవ్వేది, తినేది. నమ్మేదో లేదో కానీ, చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన మాత్రం పెట్టనివ్వలేదు. సమాధుల తోటలో ఉత్త శిలువ కూడా పాతనివ్వలేదు.

ఇప్పుడు కూతురు సువర్ణకు కొడుకు పుట్టాడు. క్రిస్మస్‌నాడు బాప్తిస్మం. తండ్రిని కళ్ళ చూడని సువర్ణకు పిల్లవాడికి ఆయన పేరే పెట్టాలని పట్టుదల. వాళ్ళ ఇండ్లలో పోయినవాళ్ళ పేరే పసివాళ్ళకు పెడతారు. బతికున్నవాళ్ళ పేరు పెడితే వాళ్ళ ఆయుష్షు తరుగుతుందని భయం. శారమ్మ ససేమిరా అంది. తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. "ఆయిన సచ్చిన జాగ సూపియ్యి, గప్పుడు జెప్త" అంది చివరికి మోషేతో. అందుకే ఈ ప్రయాణం.

గుట్ట మీద, సముద్రానికి ఎదురుగా, ఖుక్రీ స్మారకం దగ్గర అద్దాల గదిలో ఓడ నమూనా ఉంది. శారమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అద్దానికి ముఖం ఆనించి, ఓడ పక్కల ఉన్న చిన్న చిన్న కంతల్లోకి ఒక్కొక్కటిగా చూసింది.

"ఆయిన యాడ ఉంటుండె?"

"అడుగున, వదినె. ఇంజన్ల కాడ."

ఆమె కంతలు చూడడం మానేసింది.

కాపలా ముసలాయన దగ్గరికొచ్చి హిందీలో చెప్పాడు. ఈ ఖుక్రీ ఇంగ్లాండులో కట్టింది. ఇక్కడికి దూరంగా, ఆ నీళ్ళ కింద, రెండు వందలకు కాస్త తక్కువ మందితో పడుకుని ఉంది. ఇప్పుడు తిరుగుతున్న ఖుక్రీ రెండోది. బొంబాయిలో కట్టారు, ఎనభై తొమ్మిదిలో నౌకాదళంలో చేరింది.

బోధన్ సంతలో నేర్చిన ఉర్దూ శారమ్మకు చాలు. మెల్లగా ఇటు తిరిగింది.

"మోషే, గదే పేరు పెట్టిండ్రా?"

"గదే పేరు."

"పాతది ఉన్నదనుకుంటె కొత్తదానికి గా పేరు పెడ్తరా?"

మోషే నోరు తెరిచాడు. కరాచీ, దుకాణం, షావుకార్లు అన్నీ నాలుక కొసకు వచ్చి నిలబడ్డాయి. ఆమె ముఖం చూసి మింగేశాడు.

"పెట్టరు, వదినె."

శారమ్మ తల ఊపింది. గాలిలో సగం చుట్టిన బీడీని అలాగే వదిలేసి వేళ్ళు పక్కలకు వాలాయి. కింద అలలు రాళ్ళకు కొట్టుకుంటున్నాయి.

"సువర్ణకు ఫోన్ జెయ్యి. పిల్లగానికి జయరాజ్ అని పెట్టుకోమను. ఏడ్సుకుంట జెప్పకు, బాలింత అది."

తర్వాత సంచిలోంచి కొత్త అంగీ తీసింది. ఏటా క్రిస్మస్‌కు మగడి కోసం ముస్తఫా టైలరు చేత కుట్టించి ఉంచేది, ఏడాది తిరిగాక ఎవరో పేదవాడికి ఇచ్చేది. ఎన్నేళ్ళయినా కొలత మారలేదు, ఇరవై ఆరేళ్ళ మనిషి కొలతే. నాలుగు మడతలూ సరిచేసి పొట్టి గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచింది. మోషే చెయ్యి అందించాడు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

గాలికి అంగీ చెయ్యి ఒకటి మడత విడి గోడ అంచున వేలాడింది. దాని మీద ముస్తఫా గీసిన సుద్దగీత ఇంకా చెరగలేదు.